అప్పడాల వీధిలో వాన

నమోదు 41
మూడో గల్లీ పుస్తకాల సంఘం. రాసేది శంకరమ్మ.

నిద్ర లేవగానే దుప్పటి తడిమి చూసుకున్నాను. పొడిగానే ఉంది. జాకెట్టు చూసుకున్నాను, జుట్టు పిండి చూసుకున్నాను. ఎక్కడా చుక్క నీళ్లు లేవు. అయినా ఒళ్లంతా వణుకుతోంది. చెంపల మీద ఏదో టపటపా కొడుతూనే ఉన్నట్టుంది. నా తల్లే, యాభై దాటాయి నాకు, ఒక నవల చదివి ఇలా వణికిపోవడం ఇదే మొదలు.

చదివానంటే, నేను చదవలేదు. ఈ నెల చదువరి స్వరూప. మా సంఘంలో పద్ధతి అది. పుస్తకాలు పాతవి, నాలుగు చేతులు మారితే కాగితం పొడై రాలిపోతుంది. అందుకని నెలకొకరు తలకు పట్టీ కట్టుకుని పుస్తకం చదువుతారు. చదువుతున్నప్పుడు వాళ్ల కళ్లకు ఏం కనిపించిందో, ఒంటికి ఏం తెలిసిందో అంతా పట్టీలోకి దిగుతుంది. మా ఓదెలు దాన్ని తన పెట్టెలో వడపోసి, ఆవలింతలూ దురదలూ పక్కింటి కేకలూ తీసేసి, అచ్చంగా నవల మిగిల్చి మా పట్టీల్లోకి పోస్తాడు. అది కట్టుకుని పడుకుంటే చాలు, లేచేసరికి చదివేసినట్టే. ఒకరు చదివితే అందరూ చదివినట్టే అని మేం గోడ మీద కూడా రాసుకున్నాం.

ఈ నెల నవల 'అప్పడాల వీధి'. మనుషులింకా పైన ఆకాశం కింద బతుకుతున్న రోజుల్లోది. మొగుడు పోయిన రాజ్యలక్ష్మి అప్పడాల వ్యాపారం పెట్టి నెగ్గుకొస్తుంది. కథ ఇంతే, ఎనిమిది అధ్యాయాల దాకా నాకు పెద్దగా ఎక్కలేదు. తొమ్మిదో దాంట్లో వాన పడింది.

వాన గురించి ఇంతకుముందు పుస్తకాల్లో చాలాసార్లు వచ్చింది. ప్రతిసారీ స్నానాల గదిలో గొట్టం కింద నిలబడినట్టే ఉండేది. చదివే మనిషికి తెలిసింది అదే కదా, మాకూ అదే అందేది. ఇది అది కాదు. మొదట గాలి. తర్వాత ఒక్కో చుక్క రాయి విసిరినట్టు. ఆ తర్వాత ఎటు చూసినా నీళ్లే, చప్పుడే. చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. చలికి ఊపిరి ఆగి మళ్లీ వస్తుంది. రాజ్యలక్ష్మి ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియదు. కింద తడి మట్టిలో ఎర్రగా ఏదో పాకుతుంటే అరచేతిలోకి తీసుకుంటుంది. పురుగు. మెత్తగా, మఖ్మల్ ముక్కకు కాళ్లు మొలిచినట్టుంది.

అమ్మో, ఆ రాసినవాళ్లెవరో గానీ చేతులకు దండం పెట్టాలి.

వంటకు మెస్సుకు ఆలస్యంగా పోయి తిట్లు తిన్నాను. మలుపు దగ్గర బోర్డు మీద ఎప్పటిలాగే రాసి ఉంది, పైన వేడి 59 డిగ్రీలు. మా తాతల తండ్రులు ఈ పాత బొగ్గు బాయిలోకి దిగిన రోజు నుంచీ ఆ అంకె ఇటు రెండు, అటు రెండు. అంతకుమించి కదిలింది లేదు.

నమోదు 42

ఈరోజు చర్చ. అంతకంటే ముందు ఊరి సంగతి రాయాలి, ఎందుకంటే అందరి నోటా అదే.

మా బాయి పెద్ద ముత్తయ్య తల్లి, మేమంతా అవ్వ అని పిలిచే ముసలామె, పోయి ఇంకా నెల తిరగలేదు. ఊపిరాడక, నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుని పోయింది పాపం. పైకి తెరుచుకునే దారి మాకిప్పుడు ఒక్కటే, నాలుగో తలుపు. దాని రబ్బరు అరిగి పైవేడి లోపలికి దిగుతోందని, అందుకే ముసలివాళ్లు రాలిపోతున్నారని ముత్తయ్య నమ్మకం. వచ్చే సెలవు రోజున ఆ దారిని రాళ్లతో, సిమెంటుతో నింపేస్తారట. మళ్లీ పగలగొట్టాలంటే మా దగ్గర పేల్చే మందు లేదు. అంటే ఇక ఎప్పటికీ మూతే. అందరూ మంచిదేనన్నారు. నేనూ మంచిదేనన్నాను.

ఇక చర్చ. మేం నలుగురమే. ఫ్యాన్ హౌస్‌లో పనిచేసే ఓదెలు, బడిలో చెప్పే భూమేశ్ సారు, తలుపుల బోల్టులకు గ్రీసు పెట్టే స్వరూప, వంట చేసే నేను. చదువరి చర్చలో మాట్లాడకూడదు, టీ పొయ్యాలి. అదీ పద్ధతే. స్వరూప టీ పోస్తోంది.

సారు గొంతు సవరించుకున్నాడు. "అంతా మంచిగున్నది గని, తొమ్మిదో చాప్టర్‌ల వర్ణన మోతాదు మించింది. నీళ్ల సుక్క పడితే ఊపిరి ఆగుతదా? రాసెటోళ్లు జెర అదుపుల ఉండాలె."

"నాకైతే గదే నచ్చింది సారూ," అన్నాడు ఓదెలు. "గా ఎర్ర పురుగు ఏందో మల్ల? ఉన్నదా, కల్పించిన్రా?"

"కల్పనే. గసొంటి పురుగు ఉండదు."

నా నోరు ఊరుకోదు కదా. "పురుగు సంగతి ఇడిసిపెట్టుండ్రి. అప్పడాల పిండి పిసికే ఆడామె చెయ్యి గట్లుంటదా? గోర్ల నిండ నలుపు! పురుగును పట్టుకున్నప్పుడు మంచిగ కనపడ్డది. గసొంటి చేత్తో చేసిన అప్పడాలు ఎవ్వలు కొంటరు? రాసినోళ్లు ఎన్నడన్న పిండి కలిపిన్రా అసలు?"

ముగ్గురం పడీ పడీ నవ్వాం. అప్పుడే స్వరూప చేతిలో కెటిల్ వంగి నా కప్పు పొంగి పొర్లింది. కొంగుతో తుడవబోయింది. ఆ చేతిని చూశాను. గోళ్ల నిండా గ్రీసు నలుపు, బొటనవేలి మొదట్లో పాత కాలిన మచ్చ. పురుగు పాకిన చేతికీ అదే మచ్చ, అక్కడే.

టీ నోట్లోనే ఉండిపోయింది. స్వరూప నా ముఖం చూసి చెయ్యి చీర మడతలోకి లాక్కుంది. మిగతా ఇద్దరూ అప్పడాల ధర గురించి వాదించుకుంటున్నారు.

నమోదు 43

చెయ్యకూడని పని చేశాను.

చర్చ అయ్యాక పుస్తకాన్ని గుడ్డలో చుట్టి, దారంతో కట్టి, లైబ్రరీకి తిరిగి ఇచ్చేదాకా నా దగ్గరే ఉంచుతారు. దాన్ని విప్పడమంటే చదువరిని పట్టుకుని "నువ్వు సరిగ్గా చదివావో లేదో చూస్తాను" అనడమే. ఎవరో వండి పెట్టిన కూరను వాళ్ల ఎదురుగానే మళ్లీ పొయ్యి మీద పెడితే ఎంత అవమానమో ఇదీ అంతే. మా సంఘంలో ఇప్పటిదాకా ఎవరూ ఆ పని చెయ్యలేదు.

మెస్సులో బియ్యం పొయ్యి మీద పెట్టి, వెనక గదిలో కూర్చుని దారం విప్పాను.

తొమ్మిదో అధ్యాయంలో రాజ్యలక్ష్మి డాబా మీద అప్పడాలు ఆరబెడుతుంది. ఎండ మాడ్చేస్తోంది. కాకిని కర్రతో అదిలిస్తుంది. మరిది వచ్చి వాటా అడుగుతాడు. అధ్యాయం అయిపోయింది.

తప్పు చూశానేమోనని ఎనిమిది చూశాను, పది చూశాను. మొదటి నుంచి చివరి దాకా ఒక్కో కాగితం తిప్పాను. ఆ నవలంతా ఒక్క ఎండాకాలంలో జరుగుతుంది. వాన లేదు, ఎర్ర పురుగు లేదు, నలుపెక్కిన గోళ్లు లేవు.

స్వరూప ఊహించుకుందా? ఊహించుకుంటే గొట్టం నీళ్లు రావాలి. ఈ బాయిలో పుట్టిన మనిషి ఆ చలిని ఎక్కడి నుంచి తెస్తుంది? ఆ బరువును, ఆ చప్పుడును? ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. అన్నం మాడిన వాసనకు రెండో షిఫ్టు వాళ్లు కంచాలు పట్టుకుని వచ్చి అరిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు.

నమోదు 44

నాలుగో తలుపు దగ్గరికి పోయాను. స్వరూప ఒక్కతే ఉంది. వచ్చే సెలవు రోజు వరకే ఆ పని, తర్వాత తలుపే ఉండదు కదా, అయినా గ్రీసు పెడుతోంది.

"స్వరూపా, తొమ్మిదో చాప్టర్‌ల వాన లేదు."

డబ్బా చేతిలోంచి జారిపడింది. ముందు ఆమె ముఖంలో కనిపించింది భయం కాదు, నొప్పి.

"పుస్తకం విప్పినవా అక్కా? నా సదువు మీద నమ్మకం లేదా నీకు?"

"విప్పిన. నన్ను తిడ్తవో కొడ్తవో తర్వాత. ముందుగాల్ల చెప్పు, ఆ వాన యాడిది?"

కింద కూలబడి ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. ముక్కలు ముక్కలుగా చెప్పింది. గడువు దగ్గరపడినా చదవడం పూర్తి కాక, పుస్తకాన్ని పనికి తెచ్చుకుందట. పట్టీ తలగుడ్డ కింద అలాగే ఉంది. నాలుగో తలుపుకున్న లోపలి తలుపుకూ బయటి తలుపుకూ మధ్య గదిలో తొమ్మిదో అధ్యాయం చదువుతూ మధ్యలో లేచి బయటి తలుపుకు గ్రీసు పెట్టబోయింది. తుప్పు పట్టిన బోల్టు చేతిలోనే విరిగింది. తలుపు తెరుచుకుంది.

"సచ్చిన అనుకున్న అక్కా. కండ్లు మూసుకున్న. ఉడుకు గాలి మొకం మీద కొట్టింది. కాళ్లు తడబడి బయటికి పడ్డ, ఇంకో నాలుగు అడుగులు పక్కకు ఉరికిన. అక్కడ ఉడుకు లేదు. సల్లగున్నది. మీద నీళ్లు పడుతున్నయ్. అది వాన అని నాకు జెరసేపు తెల్వనే లేదు."

"మరి బోర్డు మీద రోజూ రాసే డిగ్రీలు?"

స్వరూప ముక్కు తుడుచుకుని నా కళ్లలోకి చూసింది. "ఆ ఉడుకు కొలిచే మిషన్ యాడ పెట్టిన్రో బయట సూసిన. మన ఫ్యాన్ గొట్టం మూతి మీద. మన మిషన్ల ఉడుకంతా గా గొట్టంలకెళ్లే బయటికి ఊదుతం కదా. మనం ఇడిసిన గాలినే అది కొలుస్తున్నది. ఇన్నేండ్ల సంది మన ఉడుకే మనకు సూపెడుతున్నది."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత గోడ పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మ గుర్తొచ్చింది, నాన్న గుర్తొచ్చాడు. ఈ గోడల మధ్యే పుట్టి ఈ గోడల మధ్యే పోయినవాళ్లు అందరూ గుర్తొచ్చారు. ఒక మిషన్‌ను నాలుగడుగులు అవతల పెట్టి ఉంటే సరిపోయేది!

"ఎవ్వరికీ ఎందుకు చెప్పలే?"

"బయటి తలుపు తెరిస్తే ఏమైతదో తెల్వదా నీకు? ఏడో లెవల్‌ల నీళ్లు తోడే పని. ఒక్కపారి దిగితే మళ్ల పైకి రానీయరు. నా బిడ్డకు ఆరేండ్లక్కా. పట్టీల వాన పడ్డదని గూడ నాకు తెల్వది. మీరు చర్చ పెట్టినప్పుడే తెల్సింది, పాణం పోయింది." గొంతు మరీ చిన్నదైంది. "ఇంకోటి. ఇదంతా అయినప్పుడు ముత్తయ్య పెద్దయ్య వాళ్ల అవ్వ బతికే ఉన్నది. నాలుగైదు దినాలకు పోయింది. నేను నోరు తెరిస్తే ఆ ముసలామె బయటి గాలికి కూసుండి బతుకునేమో. నిద్ర పడతలేదక్కా నాకు."

ఆ పిల్లను దగ్గరికి తీసుకున్నాను. నా చీరంతా గ్రీసయింది.

నమోదు 45

ఓదెలుకూ సారుకూ చెప్పక తప్పలేదు. స్వరూప ఒప్పుకున్నాకే చెప్పాను. మెస్సు వెనక గదిలో నలుగురం.

ఓదెలు నెత్తి పట్టుకున్నాడు. "తలుపు, బోల్టు, గ్రీసు డబ్బా, అన్నీ కోసేసిన. పని మధ్యల సదివింది, గవన్నీ నవల కాదు కదా అనుకున్న. ఆడికెళ్లి వానొచ్చింది. వానంటే నవలే కదా! మన బాయిల వాన యాడికెళ్లి వస్తదని ఉంచేసిన." కాసేపటికి ఇంకో సంగతి తట్టి ముఖం తెల్లబోయింది. "ఆ ఫ్యాను నడిపేది నేనే కదా శంకరక్కా. మా నాయిన నడిపిండు, ఇప్పుడు నేను నడుపుతున్న."

సారు నెమ్మదిగా, "నిజం వానను పట్టుకుని మోతాదు మించిందన్ననా నేను?" అన్నాడు. ఇంకో సమయంలో అయితే ఆ మాటకు వారం రోజులు ఏడిపించేదాన్ని.

ఇక ఏం చెయ్యాలన్నది అసలు గొడవ. చెప్తే స్వరూప ఏడో లెవల్‌కు పోతుంది, బిడ్డ తల్లిలేనిదవుతుంది. చెప్పకపోతే ఎల్లుండి ఆ దారి సిమెంటు కింద పోతుంది, ఊరు ఊరంతా ఎప్పటికీ లోపలే. స్వరూప గోడకు ఆనుకుని, "చెప్పుండ్రి, నా పేరు నేనే చెప్పుకుంట" అంది. అంటూనే వణుకుతోంది. బిడ్డను ఎవరు చూస్తారని ఆమె అడగలేదు, మేమూ ఆ మాట ఎత్తలేదు.

ఓదెలు లేచాడు. "ముత్తయ్య మామ ఏం చేస్తడు? మన నెత్తికి పట్టీ కట్టి చూస్తడు. చూడనీ. స్వరూపా, నీ నెత్తిల ఏమున్నది? నేనే వానల తడిసిన అని. నా నెత్తిల? నేనే తడిసిన అని. శంకరక్క నెత్తిల, సారు నెత్తిల గూడ గంతే. నలుగుట్ల ఎవ్వలు పోయిన్రో ఎట్ల తేలుస్తడు?"

"నలుగురినీ దింపితే?" అన్నాడు సారు. ఆయన గొంతు పలచగా ఉంది. భయపడ్డాడని అందరికీ తెలిసింది, అయినా లేచి పోలేదు.

"బడెవ్వలు నడుపుతరు? ఫ్యానెవ్వలు నడుపుతరు? ఊరంత ఏం తింటది?" అన్నాను నేను. పైకి గట్టిగానే అన్నాను. లోపల నాకూ వణుకే. సాటి మనుషుల కోసం ప్రాణం పెట్టేంత గొప్పదాన్ని కాదు నేను, మాడిన అన్నానికి ఎవరైనా వంక పెడితేనే పోట్లాడే రకం. కానీ ఆ చలి నా ఒంటి మీద ఇంకా ఉంది. దాన్ని మళ్లీ చూడకుండా చావాలంటే నా వల్ల కాదు.

నమోదు 46

అక్షరాలు ఎటో పోతున్నాయి. అయినా అంతా రాస్తాను.

ఊరంతా నాలుగో తలుపు ముందుకు వచ్చింది. సిమెంటు కలిపి పెట్టారు. ముత్తయ్య తన తల్లి పేరు చెప్పి దండం పెట్టుకుని మొదటి తాపీ ఎత్తాడు.

"ఆగు ముత్తయ్యన్నా!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

మొత్తం చెప్పాను. మిషన్ గురించి, గొట్టం మూతి గురించి, వాన గురించి. ఒక్క పేరు చెప్పలేదు. జనం గుసగుసలాడారు. ఎవరో నవ్వారు కూడా. ముత్తయ్య నవ్వలేదు.

"బయటి తలుపు తెరిచింది ఎవ్వలు?"

"నేను," అన్నాను. "నేను," అన్నాడు ఓదెలు. స్వరూప కూడా నేనంది. సారు ఒకసారి మింగి, "నేను గూడ," అన్నాడు.

"పరాచికాలా? పట్టీ తెండ్రి!"

ఓదెలు ముందే తెచ్చిపెట్టుకున్నాడు. నలుగురి తలల్లోంచి తీసిన తొమ్మిదో అధ్యాయాన్ని, తలుపునూ చేతి మచ్చనూ గోళ్ల నలుపునూ వడపోసి తీసేసి, ఒకదాని తర్వాత ఒకటి ముత్తయ్య పట్టీలోకి పోశాడు. ముత్తయ్య అక్కడే రాయి మీద కూర్చుని కట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుగూ ఒక్కటే. నాలుగో దానికి ఆయన వణుకుతున్నాడు. చొక్కా గుండెల దగ్గర గుప్పిట్లో పట్టుకున్నాడు. పట్టీ తీశాక చాలాసేపు తన అరచేతిలోకి చూసుకున్నాడు.

"ఆరుద్ర పురుగు," అన్నాడు. "మా అవ్వ చెప్పేది. వాళ్ల నాయనమ్మ చూసిందట. మొదటి వానకు భూమిల నుంచి వస్తదట, ఎర్రగ, మెత్తగ. గది ఏ పుస్తకంల లేదు. మా అవ్వ నోట్లనే ఉండె."

జనం దగ్గరికి జరిగారు.

"కలైతే?" అన్నాడు ముత్తయ్య. మమ్మల్ని కాదు, తనను తనే అడిగినట్టున్నాడు. "ఒక్కలకు కల పడితే నలుగురికి పంచుకున్నరేమో. నేను తలుపు తెరిచి గీ పిల్లల మీదికి ఉడుకు ఎట్ల ఇడువాలె?"

"నేను పోత," అన్నాను. "రెండు తలుపుల నడుమ గదిల నన్ను పెట్టి లోపలి తలుపు మూయుండ్రి. బతికుంటె పిలుస్త. పిలువకపోతే సిమెంటు పోసుకోండ్రి."

స్వరూప నా చెయ్యి పట్టుకుంది. విడిపించుకున్నాను. ఆ పిల్లకు తెలుసు, నేనెప్పుడూ పోలేదు, చదివింది మాత్రమే.

లోపలి తలుపు మూసుకుంది. బయటి తలుపుకు విరిగిన బోల్టు బదులు స్వరూప కట్టిన తీగ విప్పి తోశాను. ఉడుకు గాలి ముఖం మీద కొట్టింది, అన్నం ఉడికే పెద్ద గుండిగ మూత తీసినట్టు. కళ్లు మండాయి. అయిపోయింది, అంతా కలే, ఊరి ముందు ప్రాణం తీసుకున్నాను అనుకున్నాను. వాన లేదు. ఆ వాన కోసమే నా ఒళ్లంతా ఎదురుచూస్తోంది, అది లేదు! తెల్లటి వెలుగు, అంతే. కాళ్లు వెనక్కి తిరుగుతున్నాయి. అడుగు పక్కకు వేశాను. ఇంకో అడుగు. ఇంకొన్ని.

గాలి మారింది.

చెమట చల్లబడింది. కళ్లు తెరిచాను. మోకాళ్ల ఎత్తున పచ్చగా మొక్కలు. నేను ఏ పుస్తకంలోనూ అంత పచ్చదనం చూడలేదు. పైన గోడ లేదు. ఎంత పైకి చూసినా గోడ లేదు. మోకాళ్ల మీద పడిపోయి ఆ మొక్కలను రెండు చేతులా పట్టుకున్నాను, పైకి పడిపోతానేమోనని భయమేసింది.

లోపలి నుంచి ముత్తయ్య అరుపు. "శంకరమ్మా! బతికున్నవా?"

బదులివ్వాలి. నోరు తెరిచాను, మాట రాలేదు. జీవితంలో ఒక్క క్షణం మూసుకోని నోరు అప్పుడు మూసుకుపోయింది.

"శంకరమ్మా!"

మళ్లీ చప్పుడు లేదు. తర్వాత తాపీ రాయికి తగిలిన శబ్దం, స్వరూప కేక. అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "ఉన్న! బతికే ఉన్న! రాండ్రి!" అని పొలికేక పెట్టాను.

ముత్తయ్య ముందు వచ్చాడు. ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, వంగి, గొట్టం మూతి మీదున్న మిషన్‌ను చూశాడు. 59. నా వైపు నడిచాడు. నాలుగు అడుగులకు తువ్వాలు తీసేశాడు. అక్కడే కూర్చుండిపోయాడు, నేల మీద, కాళ్లు చాపుకుని, చిన్న పిల్లవాడిలా. వెనకే స్వరూప, ఓదెలు, సారు వచ్చారు. ఓదెలు గొట్టం వైపు చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

"ఎవ్వలు తెరిచిన్రో ఇగ నేనడగ," అన్నాడు ముత్తయ్య. "ఏడో లెవల్ లేదు, ఏం లేదు. ఒక్కటి చెప్పుండ్రి చాలు. ఎప్పుడు తెరిచిన్రు? మా అవ్వ పోకముందా, పోయినంకనా?"

స్వరూప పెదవులు కదిలాయి. ఆమె చెప్పేస్తుందని నాకు తెలిసింది. చెప్పి బరువు దించుకుందామని చూస్తోంది, ఆ బరువు ఎక్కడ పడుతుందో చూసుకోవడం లేదు.

"పోయినంక," అన్నాను నేను. "పది దినాలకు."

"నిజమేనా?"

"నిజమేనన్నా. అప్పటికి అవ్వ పోయింది. ముందుగాల్ల ఎవ్వలికీ తెల్వది."

ముత్తయ్య నా ముఖాన్ని చదువుతున్నట్టు చూశాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు.

"నా మీద ఒట్టేసి చెప్పు."

తలుపు దగ్గర జనం ఒక్కొక్కరే ఉడుకు దాటి బయటికి వస్తున్నారు. ఎవరో పసిపిల్ల వెలుగు చూసి ఏడుస్తోంది. స్వరూప రెండు చేతులా నోరు మూసుకుని నన్నే చూస్తోంది. అబద్ధపు ఒట్టు తల మీద వేస్తే ఆ మనిషికి ఏమవుతుందంటారో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"నీ మీద ఒట్టు, పోయినంకనే," అన్నాను.

ఆయన నా చెయ్యి వదల్లేదు. తల వంచి ఏడ్చాడు. నేనూ చెయ్యి తియ్యలేదు. గాలికి ఆయన తల చల్లబడింది.